ఒక పొలం, నలుగురు హక్కుదారులు: పెట్టుబడి సాయం ఎవరి చేతికి అందింది?

2024 జూన్‌లో ఒక ఉదయం, ఒంగోలుకు ఉత్తరాన ఉన్న ఒక నల్లరేగడి గ్రామం నుంచి ఒక కౌలు రైతు భార్య మూడు కాగితాలు మడిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మొదటిది 1-బి నకలు, అంటే ఏ భూమి ఎవరి పేరు మీద ఉందో చూపే రెవెన్యూ రికార్డు. రెండోది 2023 రబీకి తీసిన ఈ-క్రాప్ రసీదు, అంటే ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం చేసుకునే నమోదు. మూడోది వాళ్లు అప్పు తెచ్చిన వ్యాపారి రాసిచ్చిన చీటీ. రసీదులో పంట శనగ, విస్తీర్ణం 4 ఎకరాల 30 సెంట్లు. పట్టాదారు గడిలో ఉన్న పేరు మూడేళ్ల కిందట చనిపోయినాయనది. సాగుదారు గడిలో ఉన్నది ఆయన పెద్ద కొడుకు పేరు, వేలిముద్ర కూడా ఆయనదే. ఆ పొలంలో తొమ్మిదేళ్లుగా దుక్కి దున్ని, విత్తనం వేసి, కలుపు తీసి, పంట నూర్చిన ఆమె భర్త పేరు ఆ కాగితాల్లో ఒక్క చీటీ మీదే ఉంది. అది అప్పు చీటీ.

"ఏటా కౌలు ముందే కట్టేత్తన్నాం. తుపానుకు చేను మునిగింది మాది, డబ్బులు పడింది వాళ్లకి. ఇదేం లెక్కో చెప్పన్నా" అని ఆమె అడిగింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానులో వాళ్ల శనగ చేను నాలుగు రోజులు నీళ్లలో నానింది. నష్టపరిహారంగా వచ్చిన ఇన్‌పుట్ సబ్సిడీ ఈ-క్రాప్‌లో సాగుదారుగా నమోదైన వ్యక్తి ఖాతాకు వెళ్లింది. లెక్క ప్రకారం అందులో పొరపాటు లేదు, ఎందుకంటే ప్రభుత్వం చేను చూసి డబ్బు వేయదు, నమోదు చూసి వేస్తుంది. ఈ కేసంతా ఆ నమోదును సరిచేయడానికి మేం పడిన ఏడాదిన్నర ప్రయత్నం.

ఇందిర క్రాంతి పథం అనే ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం రోజుల్లో దాని భూమి విభాగంలో పారాలీగల్‌గా (చట్టపరమైన పనుల్లో సాయపడే కార్యకర్తగా) పని మొదలుపెట్టిన నేను ఇప్పటికీ ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో భూమి రికార్డుల అర్జీలు రాయడం, విచారణలకు రైతులతో కలిసి వెళ్లడం చేస్తున్నాను. ఇలాంటి కేసులు చాలా చూశాను. దీన్ని ప్రత్యేకంగా రాయడానికి కారణం, ఒకే పొలం మీద సాయం అందుకోగల నాలుగు రకాల మనుషులు ఇందులో ఒకేచోట కనిపించడమే. గోప్యత కోసం ఊరి పేరు, మనుషుల పేర్లు వదిలేశాను.

పొలం యజమాని 2021 మే చివరి వారంలో కరోనాతో చనిపోయారు. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు. పెద్ద కొడుకు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి ఒంగోలులో ఉంటున్నారు. చిన్న కొడుకు హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగి, ఆదాయపు పన్ను కడతారు. తల్లి ఊళ్లోనే పాత ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. నాలుగో వ్యక్తి కౌలుదారు. ఆయన బీసీ కులస్థుడు, సెంటు భూమి లేనివాడు. ఎకరాకు 12,000 రూపాయల చొప్పున ఏటా 51,600 దసరా లోపే పెద్ద కొడుకు చేతిలో పెట్టి పొలంలో అడుగుపెడతాడు. ఈ కౌలుకు ఎక్కడా కాగితం లేదు. ఆ ఊరి కౌళ్లలో కాగితం ఉన్నది నేను ఒక్కటీ చూడలేదు.

విచారణ ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇలాంటి కేసుల్లో చాలా ముఖ్యం. నేను డబ్బు దగ్గర మొదలుపెడతాను. ఏ ఖాతాకు, ఏ తేదీన, ఏ పథకం కింద ఎంత పడిందో ముందు రాసుకుంటే కుటుంబంలో ఎవరు ఏం చెబుతున్నా అసలు సంగతి బయటపడుతుంది. అందుకే మొదట తల్లి దగ్గరికి వెళ్లి బ్యాంకు పాసుపుస్తకం చూపించమని అడిగాను. ఆమె బియ్యం డబ్బాలో నుంచి తీసి ఇచ్చింది. భార్యాభర్తల ఉమ్మడి ఖాతా, ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకోగల ఖాతా. భర్త పోయిన తర్వాత కూడా అందులో డబ్బు పడింది. 2021 ఆగస్టులో, 2022 జనవరి 1న, మే 31న, కేంద్రం రైతులకిచ్చే పీఎం కిసాన్ సాయం విడతలు రెండేసి వేల చొప్పున 6,000. రాష్ట్రం వాటాగా 2021 అక్టోబరులో 2,000, 2022 మేలో 5,500. మొత్తం 13,500, అంటే కేంద్రం డబ్బూ కలుపుకుని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన రైతు భరోసా సరిగ్గా ఒక ఏడాదిది. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఆయన పోయినా డబ్బులు పడతా ఉంటే, గవర్నమెంటోళ్లు నా మీద దయుంచారనుకున్నా నాయనా. మళ్లీ ఎందుకు ఆపేశారో, ఎవురన్నా పితూరీ చెప్పారేమో" అంది ఆమె. ఎవరూ ఏమీ చెప్పలేదు. పీఎం కిసాన్‌కు 2022లో ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో లబ్ధిదారు గుర్తింపు నిర్ధారణ, తప్పనిసరి చేశారు. బతికున్న మనిషి వేలిముద్రో, ఫోనుకు వచ్చే ఓటీపీయో లేకుండా విడత విడుదల కాదు. అందువల్ల ఆ ఏడాది అక్టోబరు 17 నాటి పన్నెండో విడత నుంచి డబ్బు ఆగింది. కుటుంబంలో ఎవరూ మరణాన్ని పథకం రికార్డులో నమోదు చేయించకపోవడం వల్ల ఏడాది పాటు చెల్లింపు సాగింది, అదే కారణం వల్ల ఆ తర్వాత అర్హత ఉన్న మనిషికి కూడా రాకుండా పోయింది.

ఇక్కడ అర్హతల సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కుటుంబంలో ముగ్గురికి ముగ్గురూ ఆ డబ్బు తమదే అనుకున్నారు. పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరి 24న మొదలై, 2018 డిసెంబరు 1 నుంచి వర్తించింది. ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో వస్తాయి. మొదట రెండు హెక్టార్ల లోపు వారికే ఉన్న పథకాన్ని 2019 జూన్ నుంచి సాగు భూమి ఉన్న కుటుంబాలన్నింటికీ వర్తింపజేశారు. అయితే మినహాయింపులు చాలా ఉన్నాయి. ప్రభుత్వోద్యోగులు, నెలకు 10,000 గానీ అంతకు మించి గానీ పింఛను వచ్చే విశ్రాంత ఉద్యోగులు, గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు, వృత్తిలో ఉన్న డాక్టర్లు, ఇంజినీర్లు, లాయర్లు, ఆడిటర్లు, ప్రజాప్రతినిధుల్లో ఎంపీలు, ఎమ్మెల్యేలు, మేయర్లు, జిల్లా పరిషత్ అధ్యక్షులు అనర్హులు. ఉద్యోగుల్లో నాలుగో తరగతి వారికి మాత్రం సడలింపు ఉంది. భార్య, భర్త, మైనర్ పిల్లలు కలిస్తే ఒక కుటుంబం కాబట్టి, పెళ్లయి వేరుగా ఉంటున్న కొడుకుల అనర్హత తల్లికి అంటదు.

భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు మీద ఉండాలన్న నిబంధన చూపించి, ఆ తర్వాత వారసత్వంగా వచ్చిన వాళ్లకు రాదని ఊళ్లలో చాలామంది చెబుతారు. అది తప్పు. పట్టాదారు మరణం వల్ల వారసులకు సంక్రమించిన భూమికి ఆ తేదీ అడ్డు రాదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎందరు వితంతువులు అర్జీ కూడా పెట్టకుండా ఊరుకున్నారో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఈ లెక్కన పెద్ద కొడుకు పింఛను వల్ల, చిన్న కొడుకు ఆదాయపు పన్ను వల్ల అనర్హులు. తల్లి అర్హురాలు. కౌలుదారుకు పీఎం కిసాన్‌లో చోటే లేదు, ఎందుకంటే ఆ పథకం భూయజమాన్యానికి కట్టినది, సాగుకు కట్టినది కాదు. కౌలుదారును రైతుగా గుర్తించే పని రాష్ట్రానికే మిగిలింది. 2019 అక్టోబరు 15న నెల్లూరు దగ్గర కాకుటూరులో ప్రారంభమైన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల భూమిలేని కౌలుదారులకూ, దేవాదాయ భూములు సాగుచేసేవారికీ, అటవీ హక్కు పత్రాలున్న గిరిజనులకూ 13,500 రూపాయలు ఇచ్చారు. కౌలుదారు విషయంలో ఆ మొత్తాన్నీ రాష్ట్రమే భరించింది. అయితే అందుకు ఒక కార్డు కావాలి.

నా పొరపాటు ఆ కార్డు దగ్గరే జరిగింది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కుల) కార్డుకు భూయజమాని, సాగుదారు ఇద్దరూ సంతకం చేసిన ఒప్పంద పత్రం ఉండాలి. తల్లి మంచి మనసుతో వెంటనే వేలిముద్ర వేసింది. నేను సంతోషించి, 2024 జులైలో అర్జీ పెట్టించాను. నెల తిరగకుండానే తిరస్కరించారు. రికార్డులో యజమాని చనిపోయిన వ్యక్తి, ఒప్పందంలో యజమాని ఆయన భార్య. వెబ్‌ల్యాండ్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ భూమి రికార్డులో, ఆమె పేరు లేనప్పుడు ఆమె వేలిముద్రకు విలువ లేదు. ఇన్నేళ్ల అనుభవం ఉన్న నేను ముందు మ్యుటేషన్ (రికార్డులో వారసుల పేర్లు ఎక్కించడం) చేయించాలన్న సంగతి తెలిసి కూడా, సీజన్ దాటిపోతుందన్న తొందరలో ఆ మెట్టు దాటేయాలని చూశాను. దాని వల్ల 2024 రబీ మొత్తం కౌలుదారుకు సబ్సిడీ శనగ విత్తనం అందలేదు. బయట కొన్న విత్తనానికి అయిన అదనపు ఖర్చు వాళ్లే భరించారు.

దాంతో వెనక్కి వచ్చి మ్యుటేషన్‌తో మొదలుపెట్టాం. మరణ ధ్రువీకరణ పత్రం ఉంది. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేశాం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయినాయన స్వార్జితంలో భార్యకూ ఇద్దరు కొడుకులకూ సమాన వాటాలు. ముగ్గురి పేర్లూ ఉమ్మడిగా ఎక్కించడం సులువైన దారే కానీ, అలా చేస్తే కౌలు కార్డుకు ప్రతిసారీ ముగ్గురి సంతకాలూ కావాలి. అందుకని పంపకం చేసుకుని విడివిడిగా ఎక్కించుకోమని సలహా ఇచ్చాను. బావి, దారి ఉన్న వైపు తల్లికి ఎకరం 50 సెంట్లు, కొడుకులకు చెరొక ఎకరం 40 సెంట్లు. రిజిస్టరు చేయించి, సబ్‌డివిజను చేయించి, 1-బిలో మూడు పేర్లు కనిపించేసరికి 2025 ఫిబ్రవరి వచ్చింది. సర్వేయరు గొలుసు పట్టిన రోజు తల్లి పొలం గట్టు మీదే కూర్చుని, తన ముక్క హద్దు రాయిని పసుపుతో తుడిచి బొట్టు పెట్టింది. పెళ్లయి వచ్చిన ఊళ్లో ఆమె పేరు మీద ఏదైనా ఉండడం అదే మొదటిసారి.

తర్వాత పీఎం కిసాన్‌లో ఆమెను కొత్త రైతుగా నమోదు చేయించాం. భూమి వారసత్వంగా వచ్చిందని చెప్పి, మ్యుటేషన్ తేదీ, చనిపోయిన భర్త వివరాలు ఇచ్చాం. భర్త మరణం తర్వాత పడిన 13,500 సంగతి దాచవద్దని నేను గట్టిగా చెప్పాను. చెప్పకుండా కొత్త నమోదు చేస్తే రేపు పాత చెల్లింపు బయటపడినప్పుడు కొత్తది కూడా ఆగే ప్రమాదం ఉంది. ఆమెకు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు, జైల్లో వేస్తారేమోనని చిన్న కొడుక్కి ఫోను చేసి ఏడ్చింది. కేంద్రం వాటా 6,000 ఆన్‌లైన్‌లో తిరిగి కట్టి రసీదు తీసుకున్నాం. రాష్ట్రం వాటా 7,500 కూడా కడతామని అర్జీ ఇచ్చాం, దానికి ఇంకా జవాబు రాలేదు.

2025 ఆగస్టు 2న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో అన్నదాత సుఖీభవను ప్రారంభించారు. కేంద్రం 6,000, రాష్ట్రం 14,000 కలిపి ఏడాదికి 20,000 ఇచ్చే పథకం. మొదటి విడత రాష్ట్రం వాటా 5,000, అదే రోజు విడుదలైన పీఎం కిసాన్ ఇరవయ్యో విడత 2,000. మా జిల్లాలోనే సభ జరుగుతుండడంతో ఊరంతా రైతు సేవా కేంద్రం దగ్గర చేరింది. తల్లి పేరు జాబితాలో లేదు. ఫిర్యాదు నమోదు చేయించి ఎదురుచూశాం. నవంబరు 19న రెండో విడత జాబితాలో పేరు వచ్చింది, చెల్లింపు అయినట్టు కూడా చూపించింది, కానీ పాసుపుస్తకంలో పైసా పడలేదు.

ఈ చిక్కు క్షేత్రంలో పనిచేసేవాళ్లకు రోజూ ఎదురయ్యేదే. అర్జీలో మనం ఏ ఖాతా నంబరు రాసినా, ఆధార్ ఆధారంగా జరిగే చెల్లింపు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఆ ఆధార్‌కు చివరగా జతపడిన బ్యాంకుకే వెళుతుంది. ఆమెను అడిగితే తనకు ఒకే ఖాతా ఉందని ప్రమాణం చేసింది. నిజానికి నాలుగేళ్ల కిందట పొదుపు సంఘం రుణం కోసం మరో బ్యాంకులో ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చింది, ఆ సంగతి మరిచిపోయింది. ఆ బ్యాంకుకు వెళ్లి చూస్తే రాష్ట్రం 5,000, కేంద్రం 2,000, మొత్తం 7,000 భద్రంగా ఉన్నాయి. ఆధార్ ఏ బ్యాంకుకు జతపడి ఉందో ముందే చూసి ఉంటే పది రోజుల తిరుగుడు తప్పేది. ఇప్పుడు నేను ప్రతి కేసులో అర్జీ రాయకముందే అది చూస్తున్నాను.

ఇక కౌలుదారు సంగతి. నా దృష్టిలో ఈ కేసుకు గుండెకాయ అదే. 2011 నాటి భూమి అధీకృత సాగుదారుల చట్టంలో యజమాని సంతకం తప్పనిసరిగా ఉండేది కాదు, గ్రామంలో విచారణ చేసి రెవెన్యూ అధికారి రుణ అర్హత కార్డు ఇవ్వగలిగేవారు. 2019 చట్టం కార్డుకు విలువ పెంచింది కానీ తాళంచెవిని యజమాని చేతిలో పెట్టింది. ఒప్పంద కాలం పదకొండు నెలలే. భూమి మీద సాగుదారుకు ఏ హక్కూ రాదని చట్టంలోనే స్పష్టంగా రాశారు. అయినా సంతకం పెట్టడానికి యజమానులు భయపడతారు.

ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పెద్ద కొడుకుతో మూడుసార్లు కూర్చుని మాట్లాడాను. వాళ్ల తాత కాలంలో 1956 కౌలు చట్టం కింద ఒక కౌలుదారు కేసు వేసి పదకొండేళ్లు కోర్టుల చుట్టూ తిప్పాడట. ఆ ఇంట్లో కౌలు కాగితం అనే మాటే అపశకునంగా మిగిలిపోయింది. "మీరు చట్టం చూపిస్తన్నారు, నేను మా నాన్న అరిగిపోయిన చెప్పులు చూసినవాణ్ణి" అన్నారాయన. నా దగ్గర దానికి జవాబు లేకపోయింది. రెండో కారణం ఆయన చెప్పలేదు, నేనే గమనించాను. ఈ-క్రాప్ తన పేరు మీద ఉంటే విత్తన సబ్సిడీ, తుపాను పరిహారం, పంట రుణం తన చేతిలోనే ఉంటాయి. కార్డు ఇస్తే అవన్నీ చేయి మారతాయి. కౌలుదారు ఆయనను నొప్పించకుండా "సారూ, మీ భూమి మీదే, నా చాకిరీ కాస్త రాసిపెట్టమంటన్నా అంతే" అని బతిమాలాడు. ఆయన ఒప్పుకోలేదు.

తల్లి మాత్రం "వాడు దున్నకపోతే తుమ్మ చెట్లు మొలిచేయి" అని వేలిముద్ర వేసింది. చిన్న కొడుకు ఫోనులో రెండు మూడుసార్లు చట్టం వివరాలు అడిగి, చివరికి ఊరికి వచ్చి సంతకం చేశారు, కానీ ఒక షరతు పెట్టారు. కౌలు ఎకరాకు 2,000 పెంచాలి. ఈ షరతు మీద నాకు చాలా ఆలోచన కలిగింది. కార్డు వల్ల వచ్చే సాయంలో కొంత భాగాన్ని యజమాని కౌలు రూపంలో ముందే కోసేసుకుంటున్నాడు. కాగితం మీద లబ్ధిదారు కౌలుదారే, కానీ ఆ డబ్బులో ఎంత అతని దగ్గర నిలుస్తుందన్నది ఆ ఊళ్లో కౌలుకు ఎంతమంది పోటీ పడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ ప్రశ్నకు ఏ జాబితాలోనూ సమాధానం దొరకదు. బేరం చేసి 2,000ను 800కు దించగలిగాం. అంతకు మించి నా చేత కాలేదు.

పోల్చి చూడడానికి ఒక మాట. అదే రైతు అదే పొలానికి యూరియా కొన్నప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేదు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. దుకాణంలో వేలిముద్ర తీసే ఈ-పాస్ యంత్రం మీద వేలు పెడితే బస్తా వస్తుంది, రాయితీ కంపెనీకి వెళ్లినా తక్కువ ధర మేలు దున్నేవాడికే అందుతుంది. వస్తువుకు కట్టిన రాయితీ సాగుదారును వెతుక్కుంటూ పోతుంది, భూమికి కట్టిన రాయితీ పట్టాదారు దగ్గర ఆగిపోతుంది. నేను ఎరువు రాయితీని గొప్ప చేయడం లేదు, దాని వల్ల నేలకు జరిగే చెరుపు వేరే చర్చ. కానీ ఎవరికి అందుతుందన్న ఒక్క కొలతతో చూస్తే తేడా ఇంత స్పష్టంగా ఉంది.

2025 ఆగస్టులో కౌలుదారుకు 2 ఎకరాల 90 సెంట్లకు కార్డు వచ్చింది. రైతు సేవా కేంద్రంలో సబ్సిడీ జేజీ-11 రకం శనగ విత్తనం ఆ విస్తీర్ణం మేరకు ఆయన పేరు మీదే ఇచ్చారు. అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు నేల ఆరక, విత్తడం నవంబరు మధ్యకు జరిగింది. డిసెంబరులో గ్రామ వ్యవసాయ సహాయకుడు చేలోకి వచ్చి ఫొటో తీసి, వేలిముద్ర యంత్రం ముందుకు చాచాడు. కౌలుదారు బొటనవేలు రెండుసార్లు పెట్టినా పడలేదు, కొడవలి పట్టి గీతలు అరిగిపోయాయి. మూడోసారి చూపుడువేలు పెడితే పడింది. సాగుదారు గడిలో ఆయన పేరు కనిపించగానే భార్య ఆ సహాయకుడి ఫోను తెరను తన ఫోనుతో ఫొటో తీసుకుంది.

పక్కనే ఉన్న ఎకరం 40 సెంట్లలో కూడా అదే రోజు, అదే గొర్రుతో, అదే విత్తనం వేశారు. దాని ఈ-క్రాప్ పెద్ద కొడుకు పేరు మీదే ఉంది. కౌలుదారుగా రావలసిన పెట్టుబడి సాయం నేను ఇది రాస్తున్న నాటికి ఆయన ఖాతాలో పడలేదు, దాని గురించిన అర్జీ నడుస్తోంది. కార్డు గడువు 2026 జులై మొదటి వారంతో తీరుతుంది. చిన్న కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు ఖాళీ ఒప్పంద పత్రం ఒకటి ఆయన చేతికిచ్చి, జూన్‌లో సంతకం చేసి పంపమని అడిగాను. తీసుకుని సంచిలో పెట్టుకున్నారు.